జుంటా: దూరదేశాల కోసం దాచుకున్న మాట

మన దినపత్రికల విదేశీ వార్తల పేజీకి కొన్ని అచ్చుపోసిన మాటలున్నాయి. అమెరికా అయితే 'అగ్రరాజ్యం', పాకిస్తాన్ అయితే 'దాయాది', చైనా అయితే 'డ్రాగన్'. అలాంటిదే 'సైనిక జుంటా'. మయన్మార్ అని టైపు చెయ్యగానే పక్కన దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఈమధ్య మాలీకి, నైజర్‌కి, బుర్కినా ఫాసోకి కూడా అదే. ఆ దేశాల విషయంలో మాట తప్పని నేననటం లేదు. నా పేచీ వేరే. తెలుగులో ఈ మాట అర్థం చెప్పటం మానేసి ముద్ర వెయ్యటం మొదలుపెట్టింది. జుంటా అంటే ఎక్కడో దూరంగా, మనకి సంబంధంలేని చోట, రొమ్ము నిండా పతకాలు పెట్టుకున్న మనుషులు చేసే చెడ్డపని. అంతే. ఆ మాట మన గుమ్మందాకా వచ్చిన సందర్భాలున్నాయి. అప్పుడు మనం వేరే పేర్లు వాడాం, లేదా ఏ పేరూ వాడలేదు. తెలుగు సాహిత్యం కూడా ఈ విషయంలో పత్రికల కంటే ఎక్కువేమీ చెయ్యలేదని నా ఫిర్యాదు.

ముందు మాట సంగతి. స్పానిష్‌లో దాన్ని 'హుంతా' అని పలుకుతారు. కలవటం, కూడటం అనే క్రియలోంచి వచ్చింది. కూడినవాళ్ళు, సమావేశం, కమిటీ, ఇవే దాని అర్థాలు. దాని లాటిన్ మూలమూ మన సంస్కృత 'యుజ్' ధాతువూ ఒకే ఇంటివి. ఆ లెక్కన యోగానికీ జుంటాకీ దూరపు చుట్టరికం ఉంది. స్పెయిన్‌లోని అండలూసియా ప్రాంతంలో ఓట్లతో ఎన్నికైన ప్రభుత్వం పేరు ఇవాళ్టికీ 'హుంతా దె అందలూసియా'. కాబట్టి 'సైనిక' అన్న విశేషణం ఊరికే తగిలించింది కాదు, అది లేకపోతే మాటకి తుపాకీ లేదు. నిజానికి దీనికి తెలుగులో చక్కటి మాట ఎప్పటినుంచో ఉంది: మండలి. బర్మా సైన్యం తనని తాను ఎప్పుడూ జుంటా అని పిలుచుకోలేదు. 1962లో విప్లవ మండలి. 1988లో శాంతిభద్రతల పునరుద్ధరణ మండలి. 1997లో శాంతి, అభివృద్ధి మండలి. 2021లో పరిపాలనా మండలి. ఎంత ముచ్చటైన పేర్లో చూడండి! మన కలెక్టరాఫీసులో బోర్డు మీద రాసినా ఎవరూ ఆగి చదవరు.

(ఇంకో తమాషా. ఐఐటీ హాస్టళ్ళ యాసలో హిందీ 'జన్తా'ని ఇంగ్లీషు అక్షరాల్లో జె-యు-ఎన్-టి-ఎ అని రాస్తారు. అక్కడ జుంటా అంటే జనం, మన బ్యాచ్, మెస్సులో క్యూ కట్టినవాళ్ళు. ఆ వాడుక చాలా ఇంజనీరింగ్ కాలేజీలకి పాకింది. 'జుంటా అంతా ఎక్కడ?' అని మెసేజ్ పెట్టే కుర్రాడికి తెలీదు గానీ, ఆ మాట మొదటి అర్థానికి విదేశీ వార్తల సబ్ ఎడిటర్ కంటే వాడే దగ్గరగా ఉన్నాడు.)

సైనిక జుంటా అంటే కమిటీ. ఇది ముఖ్యం. ఒక్క నియంత కాదు. చిలీలో 1973 సెప్టెంబరు 11న అధికారం పట్టుకున్నది నలుగురు: సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, పోలీసు దళాల అధిపతులు. అర్జెంటీనాలో 1976లో ముగ్గురు. అక్కడైతే పదవులన్నీ మూడు దళాలూ మూడు వాటాలు వేసుకుని పంచుకున్నాయి, ఉమ్మడి ఆస్తిని అన్నదమ్ములు పంచుకున్నట్టు. ఎందుకీ కమిటీ? ప్రజాస్వామ్యం మీద ప్రేమతో కాదు. ఒకడి తుపాకీ అంటే ఇంకొకడికి భయం. ఆ భయం తగ్గేకొద్దీ కమిటీ చిక్కిపోయి ఒక్కడు మిగులుతాడు. చిలీలో పినోచెట్ చేసిందదే. 1978లో వైమానిక దళాధిపతి లే ని బయటికి నెట్టేశాడు. ఆ తర్వాత దాన్ని జుంటా అనటం మర్యాద కోసమే.

అందుకని ఒక ప్రభుత్వం సైనిక జుంటానో కాదో తేల్చటానికి నాకు రెండు ప్రశ్నలు చాలు. గదిలో యూనిఫారం వేసుకుని కూర్చుని నిర్ణయాలు చేసేవాళ్ళు ఎంతమంది? ఆ గదిలోవాళ్ళని 'ఇక చాలు, ఇళ్ళకి పోండి' అనగలిగే అధికారం బయట ఎవరికైనా ఉందా? మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రూట్ యాక్సెస్ ఎవరి దగ్గరుంది? మొదటి ప్రశ్న జుంటాని నియంత నుంచి విడదీస్తుంది. జియా ఉల్ హక్, ముషారఫ్ ఒంటిచేతి సైనిక నియంతలు, వాళ్ళవి జుంటాలనటం వదులు వాడకం. రెండో ప్రశ్న జుంటాని మిగతా అన్ని రకాల మొరటు ప్రభుత్వాల నుంచీ విడదీస్తుంది. ఎమర్జెన్సీని జుంటా పాలన అని రాసేవాళ్ళని ఫేస్‌బుక్‌లో చూశాను. అది ఇంకో రకం జబ్బు. అక్కడ యూనిఫారం లేదు, 1977 మార్చిలో ఓటు వచ్చి తలుపు తీసింది. జబ్బు పేరు తప్పు రాస్తే మందు కూడా తప్పే ఇస్తాం.

మాట చరిత్రలో నాకు బాగా నచ్చిన భాగం 1808. నెపోలియన్ స్పెయిన్ రాజుని పట్టుకుపోయి తన అన్నని సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఊళ్ళు ఒప్పుకోలేదు. ఒవియేదోలో, సెవియాలో, ఇంకా చాలా చోట్ల స్థానికులు కూడి 'రాజు లేడు, పరాయివాడి మాట వినం, మమ్మల్ని మేమే చూసుకుంటాం' అంటూ జుంటాలు పెట్టుకున్నారు. రెండేళ్ళకి ఆ పద్ధతే దక్షిణ అమెరికా చేరి బ్యునోస్ ఐరిస్‌లో, సాంతియాగోలో వలస పాలన మీదకి తిరిగింది. అంటే ప్రపంచ రాజకీయాల్లోకి ఈ మాట తిరగబడ్డ ఊళ్ళ పేరుగా వచ్చింది.

ఆ అర్థంలో జుంటా మన దగ్గర ఒకటి నడిచింది. చీరాల పేరాల సంగతి మా వైపు పిల్లలకి ఆరో తరగతి నుంచీ చెప్తారు, కాకపోతే దేశభక్తి పాఠంలాగా చెప్తారు. 1919లో ఆ రెండు ఊళ్ళనీ కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు విపరీతంగా పెంచారు. మేం కట్టలేం, మాకొద్దీ మునిసిపాలిటీ అన్నారు జనం. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో, సుమారు 15 వేల జనాభాలో 13 వేల పైచిలుకు మంది ఇళ్ళు వదిలి, మునిసిపల్ పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. ఆ ఊరికి రామనగరం అని పేరు. పాఠంలో పెద్దగా ఆగని విషయం ఒకటుంది. అన్ని కులాల నుంచీ ఎన్నుకున్న ప్రతినిధులతో అక్కడ ఒక సభ నడిచింది, తగవులు తీర్చటానికి ఒక పంచాయతీ కోర్టు నడిచింది. దానికి తోడు గోపాలకృష్ణయ్య రామదండు, ఒకే రకం వేషంతో, క్రమశిక్షణతో ఉండే వాలంటీర్లు. పదకొండు నెలలు! గోపాలకృష్ణయ్య జైల్లో ఉన్నాడు, ఎండా వానా పాకల మీదే పడ్డాయి, డబ్బు అడుగంటింది. చివరికి జనం తిరిగి చీరాల వెళ్ళిపోయారు. 1808 నాటి సెవియా మనిషిని తీసుకొచ్చి రామనగరం చూపిస్తే, 'ఇది మా హుంతానే' అనేవాడని నా నమ్మకం. కూడినవాళ్ళు. దళం కూడా ఉంది, కానీ అది సభకి పైన లేదు. ఆ వరస తిరగబడితే ఏమవుతుందో ఇరవయ్యో శతాబ్దం చూపించింది.

ఇప్పుడు కృష్ణ దాటాలి.

పల్నాడు వైపు ముసలివాళ్ళ మాటల్లో ఒక కాలమానం ఉంటుంది: 'రజాకార్ల గోలప్పుడు'. ఏటికి అవతల నిజాం ఇలాకా, అక్కడినుంచి సామాన్లు నెత్తిన పెట్టుకుని వచ్చిన కుటుంబాలు, ఇవతల ఊళ్ళలో శిబిరాలు. కథ ఎప్పుడూ ఒకేలా ముగుస్తుంది: 'పటేల్ మిలిటరీని పంపించాడు, గోల అయిపోయింది.' 1948 సెప్టెంబరు 13న మొదలై అయిదు రోజుల్లో అయిపోయింది, నిజమే. సైన్యంలో ఒక భాగం బెజవాడ నుంచే కదిలింది. కానీ ఆ మిలిటరీ వచ్చినదారినే వెళ్ళిపోలేదు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్‌గా 1949 చివరిదాకా హైదరాబాదు రాజ్యాన్ని ఏలాడు. అది రూపకాలంకారం కాదు. నిజాం ఫర్మానా రాసి తన అధికారాలు ఆయనకి అప్పజెప్పాడు. రాజు పేరుకి రాజుగానే ఉన్నాడు, సంతకం జనరల్‌ది. ఆ సంవత్సరంపైన రోజులు తెలుగువాళ్ళలో పెద్ద భాగం అక్షరాలా సైనిక ప్రభుత్వం కింద బతికారు.

అది జుంటాయేనా? నా రెండు ప్రశ్నలూ వేసుకుంటే, కాదు. కమిటీ లేదు. అంతకంటే ముఖ్యం, బయట ఢిల్లీ ఉంది. ఢిల్లీ చాలన్న రోజున చౌధురి దిగిపోయాడు, వెల్లోడి అనే ఐసీఎస్ అధికారి వచ్చాడు. అదే చౌధురి తర్వాత దేశానికి సైన్యాధిపతి అయ్యాడు, పదవి అయిపోయాక కెనడాకి హైకమిషనర్‌గా వెళ్ళాడు. జనరల్‌ని కెనడా పంపగలిగిన దేశంలో జుంటా లేదని ధైర్యంగా చెప్పొచ్చు. అయితే ఏటికి అవతల ఊళ్ళో ఉన్న మనిషికి ఈ తేడా ఎంతవరకు తెలుస్తుంది? అతను ఢిల్లీకి ఓటు వెయ్యలేదు. అతని ఊరికి వచ్చింది సైన్యం, అతని తమ్ముడిని విచారించింది ప్రత్యేక ట్రిబ్యునల్. ఆ తొలి వారాల్లో జరిగిన మత హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదికని దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. అదే మిలిటరీ గవర్నర్ 1949 ఆగస్టులో జాగీర్దారీని ఒక్క రెగ్యులేషన్‌తో రద్దు చేశాడు. ఏ శాసనసభలోనైనా అది ఏళ్ళ తరబడి నలిగేది. మంచిపని, త్వరగా అయింది, ఎవరినీ అడగలేదు. సైనిక పాలనలో అసలు చిక్కు అదే కదా! చెడ్డవి మాత్రమే చేస్తే దాన్ని అసహ్యించుకోవటం ఎంత తేలిక!

ఇదంతా కథకి, నవలకి ఎంత బలమైన సరుకు! కానీ మన సాహిత్యం ఇక్కడ ఏం చేసింది? గుంటూరు జిల్లా బొల్లిముంత శివరామకృష్ణ 'మృత్యుంజయులు' 1947లోనే రాశాడు, నిజాం మీద పోరాటం ఇంకా జరుగుతుండగానే. 'మా భూమి' నాటకం కూడా ఆ ఏడాదిదే. అవి పోలీసు చర్య ముందరివి, వాటిని అడగటానికి లేదు. తర్వాత వచ్చినవాటిలో సైన్యం సాధారణంగా ఒక సంఘటన. గౌతమ్ ఘోష్ 'మా భూమి' సినిమాలో పారిపోయిన దొర సైన్యం నీడలో మళ్ళీ ఊళ్ళోకి వస్తాడు. ఆ ఒక్క దృశ్యం వంద వ్యాసాల పెట్టు, కాదనను. కానీ అక్కడితో తెర పడుతుంది. నెల్లూరి కేశవస్వామి 'యుగాంతం' పోలీసు చర్య నాటి హైదరాబాదు ముస్లింల వైపు నుంచి చూసింది. ఆ కథ లేకపోతే తెలుగు కథ ఆ రోజుల గురించి సిగ్గుపడాల్సి వచ్చేది. అదీ ఒక లోకం కూలిపోయిన కథే. నాకు కావలసింది కూలిన మర్నాడు. సైన్యాన్ని యుద్ధంగా కాక ఆఫీసుగా చూసే కథ. కాగితం మీద పాత ఫసలీ సంవత్సరం, పైన కొత్త ముద్ర, కింద 'మిలిటరీ గవర్నర్ ఆజ్ఞ ప్రకారం'. తహసీల్దారుకి కొత్త పై అధికారి భాష రాదు, ఆ అధికారికి ఇతని ఉర్దూ దస్త్రాలు రావు.

అలాంటి కథ రాకపోవటానికి కారణం మా వైపే ఉందేమో అని నా అనుమానం. ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రం నుంచి ఉద్యోగులు చాలామంది హైదరాబాదు పాలనలోకి వెళ్ళారు. కోస్తా జిల్లాల గుమాస్తాలు, టీచర్లు, పోలీసులు. 1952లో ముల్కీ ఆందోళనలో 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అన్న నినాదం ఊరికే రాలేదు. సైనిక ప్రభుత్వం తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్ళినవాళ్ళలో మావాళ్ళున్నారు. వాళ్ళు దుర్మార్గులు కాదు, జీతం కోసం బెజవాడలో రైలెక్కినవాళ్ళు. కానీ ఆ గుమాస్తా తన కథ తాను రాసుకోలేదు. రాస్తే 'నేను ఎవరి సంతకం కింద పనిచేశాను?' అన్న ప్రశ్న ఎదురొస్తుంది. 'పోలీసు చర్య' అన్న మాట ఆ ప్రశ్నని రానివ్వదు. పోలీసులు వచ్చారు, చర్య తీసుకున్నారు, ఫైలు మూసేశారు.

ఇక నా రెండు ప్రశ్నల్లోనూ జుంటాగా తేలే అసలైన జుంటా రంగంలో ఉండేది. రంగం అంటే రంగూన్. కోరింగ రేవు నుంచి ఎంతమంది వెళ్ళారంటే, బర్మాలో తెలుగువాళ్ళకి 'కోరంగీ' అని పేరే పడింది. ఎక్కువమంది ఉత్తరాంధ్ర, గోదావరి వైపు నుంచి వెళ్ళిన కూలీలు. మా పల్లపు, మెరక ఊళ్ళకి రంగం పెద్దగా మనుషుల రూపంలో తెలీదు, 'బర్మా టేకు' రూపంలో తెలుసు. పాత డాబా అమ్మకానికి పెడితే ఇప్పటికీ ముందు చెప్పేది ద్వారబంధాల గురించే.

1958లో జనరల్ నె విన్ ఆపద్ధర్మ ప్రధానిగా వచ్చి, ఎన్నికలు పెట్టి, 1960లో బుద్ధిగా అధికారం తిరిగిచ్చేశాడు. అందరూ మెచ్చుకున్నారు. 1962 మార్చి 2న మళ్ళీ వచ్చాడు. ఈసారి పార్లమెంటు లేదు, రాజ్యాంగం లేదు, విప్లవ మండలి మాత్రమే ఉంది. ఇళ్ళకి పొమ్మనే గొంతు బయట ఒక్కటీ మిగల్లేదు. 1963లో బ్యాంకులు, 1964లో దుకాణాలు ప్రభుత్వపరం అయ్యాయి. ఆ మే నెలలో 50, 100 చ్యాట్ నోట్లు చెల్లవన్నారు. ఆ ఏళ్ళలో సుమారు 3 లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. చాలామంది దాదాపు ఖాళీ చేతులతో ఓడెక్కారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆ ఓడల్లోంచి దిగినవాళ్ళదే. గమనించండి, వాళ్ళని ఆనాడు 'కాందిశీకులు' అన్నారు, 'బర్మావాళ్ళు' అన్నారు. వాళ్ళని ఓడెక్కించిన ప్రభుత్వానికి మాత్రం మన వాడుకలో పేరు పెట్టలేదు. ఇప్పుడు ఆ దేశం గురించి రోజూ వాడే 'జుంటా'కీ మన బర్మా క్యాంపుకీ మధ్య తీగ ఎవరూ కలపరు. నా అలమరాలో తెలంగాణ పోరాటం మీద ఒక వరస పుస్తకాలున్నాయి. బర్మా క్యాంపు మీద ఒక్కటి లేదు. తమిళులు 1952లోనే 'పరాశక్తి'లో రంగూన్‌తో సినిమా మొదలుపెట్టారు.

ఆ తీగ ఇప్పుడు మా వంటింట్లోకి కూడా వచ్చింది. తెనాలిలో పప్పుల వ్యాపారం చేసే మా బాబాయి 2021 ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు. "ఏరా, బర్మాలో మిలిటరీ దిగిందంట గదా, సరుకు ఆగుద్దంటావా?" అని అడిగాడు. జుంటా అనలేదు. ఆయనకి ఆ మాట తెలీదు, అవసరమూ లేదు. మినుములు మన దేశానికి బయటి నుంచి వచ్చేది ప్రధానంగా అక్కడి నుంచే. "ఆగదు బాబాయ్, వాళ్ళకీ డాలర్లు కావాలిగా" అన్నాను. ఆగలేదు. 2021 జూన్‌లో, సైన్యం అధికారం పట్టుకున్న అయిదో నెలలో, మన ప్రభుత్వం మయన్మార్‌తో లేఖలు మార్చుకుని అయిదేళ్ళ ఒప్పందం చేసుకుంది: ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు ప్రైవేటు వ్యాపారం ద్వారా రావాలి.

వరి తర్వాత మినుము పండించే డెల్టా రైతుకీ, దర్శి, కనిగిరి మెరకల్లో కంది వేసే రైతుకీ ఆ అంకెలంటే క్వింటాల్ ధర. ఇడ్లీ తినే పట్నానికి అవే అంకెలు వేరే ధర. ఎవరి పక్షం న్యాయమన్నది ఈ వ్యాసంలో తేలదు. పత్రికల్లో మాత్రం ఒక విచిత్రం చూశాను. విదేశీ పేజీలో ఆ ప్రభుత్వం 'సైనిక జుంటా', వాణిజ్య పేజీలో 'మయన్మార్'. రెండు పేజీలూ ఒకే పత్రికవి, ఒకే వారానివి. బస్తా మీద ఇప్పటికీ 'బర్మా' అనే చెప్తారు వ్యాపారులు. ఆ మూడు పేర్లూ ఒకే వాక్యంలో పట్టే తెలుగు కథ ఎవరైనా రాస్తే, తెనాలి రైల్వే స్టేషన్ దగ్గరి మిల్లు వీధిలో మొదలుపెట్టమని నా సలహా. మా బాబాయి మాట్లాడటానికి సిద్ధంగా ఉంటాడు, కాకపోతే సీజన్లో కాదు.